బావా, ఏ కన్సోల్ కొనమంటావ్? ముందు ఆలస్యాల లెక్క చూద్దాం

మా మేనత్త కొడుకు ప్రొద్దుటూరు నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. మారతహళ్లిలో పీజీ, బెళ్లందూరులో ఆఫీసు. ప్రొబేషన్ ముగిసిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. "బావా, కన్సోల్ కొంటున్నా. ఎక్స్‌బాక్సా, పీఎస్5నా? ఒక్క ముక్కలో చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. కన్సోల్ అంటే టీవీకి తగిలించి ఆటలాడే పెట్టె. ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది, పీఎస్5 అంటే సోనీవాళ్ల ప్లేస్టేషన్ 5. "ఏ ఆటలు ఆడతావురా? ఎవరితో ఆడతావు? ఎన్నాళ్లు ఓపిక పట్టగలవు?" అని అడిగాను. మొదటి రెండింటికీ జవాబు చెప్పాడు. మూడోదానికి మాత్రం "ఓపిక దేనికి బావా, డబ్బులు పెట్టి కొంటున్నాం కదా" అన్నాడు.

డబ్బులు పెట్టినా కూర్చుని ఎదురుచూడాల్సి వస్తుందని వాడికింకా తెలీదు. నాకు తెలిసొచ్చింది. కొన్నేళ్ల కిందట నేను పిచ్చిగా ఆడే ఒక ఆటకి పెద్ద ఎక్స్‌పాన్షన్, అంటే అదనపు కథ, వచ్చింది. ఆఫీసులో నాతో కలిసి తినే ముగ్గురికీ వచ్చేసింది. నా దగ్గరున్న పెట్టెకి మాత్రం "త్వరలో" అన్నారు. ఆ త్వరలో నెలల తరబడి సాగింది. క్లైమాక్స్ చెవిన పడకూడదని క్యారియర్ పట్టుకుని వేరే టేబుల్‌కి మారాను. అయినా పడింది, లిఫ్టులో, ఆ ఆట ఆడతాడని నేను కలలో కూడా అనుకోని ఒక మేనేజర్ నోటి నుంచి. ఆట పేరు, పెట్టె పేరు ఇప్పుడెందుకులే. ఎందుకు రాలేదో, ఎప్పటికి వస్తుందో ఒక్కరూ తిన్నగా చెప్పలేదు. ఆలస్యం కంటే అదే ఎక్కువ మండింది.

అప్పటి నుంచి ఎవరైనా కన్సోల్ గురించి అడిగితే ప్రాసెసర్ కంటే ముందు ఆలస్యాల గురించే చెబుతున్నాను. ఒకే ఆట, ఒకే డీఎల్‌సీ (ఆటకి తర్వాత చేర్చే అదనపు భాగం) ఒకరి ఇంటికి ముందు, ఇంకొకరి ఇంటికి వెనక రావడానికి సవాలక్ష కారణాలు చెబుతారు గానీ, గట్టిగా చూస్తే మూడే: కాగితం, యంత్రం, మనుషులు. మీరు కొనే పెట్టెకి ఈ మూడింటిలో ఏ జబ్బు ఎక్కువో తెలిస్తే చాలు, సగం ఎంపిక అయిపోయినట్టే.

కాగితం వల్ల వచ్చే ఆలస్యం

కాగితం అంటే ఒప్పందం. పెట్టె అమ్మేవాడు ఆట చేసేవాడికి డబ్బిచ్చి "ఇన్ని రోజులు మా దగ్గరే" అని రాయించుకుంటాడు. జీటీఏ 4కి వచ్చిన మొదటి అదనపు కథ 2009 ఫిబ్రవరిలో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చింది. పీఎస్3 వాళ్లకి 2010 ఏప్రిల్ దాకా లేదు. కాల్ ఆఫ్ డ్యూటీ సంగతి ఇంకా తమాషా. కొన్నేళ్లపాటు మ్యాపులన్నీ ముందు 360కే వచ్చేవి, మిగతావాళ్లు నెల రోజులు ఆగేవాళ్లు. 2015లో బ్లాక్ ఆప్స్ 3తో ఆ ఒప్పందం ప్లేస్టేషన్ వైపు మారింది. నిన్నటిదాకా ఎక్స్‌బాక్స్ వాళ్లు చెప్పుకున్న గొప్పలు రాత్రికి రాత్రే ప్లేస్టేషన్ వాళ్లు చెప్పడం మొదలుపెట్టారు. 2019 మోడర్న్ వార్‌ఫేర్‌లో సర్వైవల్ అనే మోడ్ ఏడాదిపాటు పీఎస్4 వాళ్లకే దక్కింది. ఇప్పుడు ఆ సిరీస్ మైక్రోసాఫ్ట్ చేతిలో ఉంది. 2023లో సోనీతో పదేళ్ల ఒప్పందం కూడా చేసుకున్నారు కాబట్టి ఆ గొడవ ప్రస్తుతానికి సద్దుమణిగినట్టే.

హాగ్వార్ట్స్ లెగసీలో ఒక దయ్యాల కొట్టు క్వెస్ట్ (ఆటలో ఒక చిన్న సాహసం) ఉంది. 2023 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ వాళ్లు ఆడేశారు. ఎక్స్‌బాక్స్, పీసీ వాళ్ల చేతికి 2024 జూన్‌లో గానీ రాలేదు. ఒక్క చిన్న క్వెస్ట్ కోసం పదహారు నెలలు! నిజానికి అంత గొప్పగా కూడా ఉండదది. ఇవ్వలేదని తెలిసినదాని మీదే మనసు పోతుంది కదా.

ఫైనల్ ఫాంటసీ 16 అయితే 2023 జూన్‌లో పీఎస్5కి, 2024 సెప్టెంబర్‌లో పీసీకి, 2025 జూన్‌లో ఎక్స్‌బాక్స్‌కి. బంతిలో మొదటి వరసకి వడ్డించి, మూడో వరస కూర్చునేసరికి పాయసం అడుగంటినట్టు.

ఇంత తిట్టినా, మూడింటిలో నేను ఎక్కువ సహించేది కాగితాన్నే. కాగితానికి గడువుంటుంది. నెల, ఆరు నెలలు, ఏడాది, ఏదో ఒక రోజున అది తీరిపోతుంది. మనసు సిద్ధం చేసుకోవచ్చు.

యంత్రం వల్ల వచ్చే ఆలస్యం

దీనికి గడువు లేదు. అందుకే అసలు భయపడాల్సింది దీనికి.

స్కైరిమ్‌కి డాన్‌గార్డ్ అనే ఎక్స్‌పాన్షన్ 2012 జూన్‌లో ఎక్స్‌బాక్స్ 360కి వచ్చింది. అక్కడ ముప్పై రోజుల ఒప్పందం ఉంది. అందరికీ తెలిసిందే. గడువు తీరగానే ఆగస్టు మొదట్లో పీసీకి వచ్చేసింది. పీఎస్3కి రాలేదు. నెల పోయింది, ఇంకో నెల పోయింది. పనితీరుతో తృప్తిగా లేమని స్టూడియో చెప్పింది. పీఎస్3లో మెమరీ రెండు ముక్కలుగా ఉంటుంది: ఇటు 256 ఎంబీ, అటు 256 ఎంబీ. 360లో 512 ఎంబీ అంతా ఒకే కుప్ప, ఎటు కావాలంటే అటు వాడుకోవచ్చు. స్కైరిమ్ లాంటి పెద్ద ప్రపంచాన్ని ఆ చిన్న ముక్కల్లో ఇరికించడం ఎంత కష్టమో ఊహించుకోండి. చివరికి 2013 ఫిబ్రవరిలో మూడు డీఎల్‌సీలూ ఒకే నెలలో కుమ్మరించారు. అందులోనూ మొదట రావాల్సిన డాన్‌గార్డ్ అన్నిటికంటే చివర వచ్చింది. ఒప్పందం ముప్పై రోజులు, ఎదురుచూపు ఎనిమిది నెలలు. కాగితానికీ యంత్రానికీ తేడా ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

అది పాత కథ అనుకుంటారేమో. ఈ తరంలో అదే కథ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి (ఈ తరం ఎక్స్‌బాక్స్‌లు రెండింటిలో చవకది, ఖరీదైనది సిరీస్ ఎక్స్) జరిగింది. సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ మెమరీ, పీఎస్5లోనూ 16. సిరీస్ ఎస్‌లో 10. అందులోనూ వేగంగా నడిచేది 8 మాత్రమే. సిరీస్ ఎక్స్‌కి ఏ ఆట తెచ్చినా ఎస్‌కీ తేవాలి, ఫీచర్లు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి అన్నది మైక్రోసాఫ్ట్ నియమం.

బాల్డర్స్ గేట్ 3 పీసీకి 2023 ఆగస్టు 3న, పీఎస్5కి సెప్టెంబర్ 6న వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి? ఒకే టీవీ మీద ఇద్దరు కలిసి ఆడే స్ప్లిట్ స్క్రీన్ సిరీస్ ఎస్‌లో సరిగా నడవట్లేదని ఆగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ తన నియమాన్ని సడలించి, ఎస్‌లో ఆ ఫీచర్ లేకపోయినా పర్లేదంటే, డిసెంబర్‌లో ఆట బయటపడింది. మొదట్లో 49,990 రూపాయలు పోసి సిరీస్ ఎక్స్ కొన్నవాళ్లు కూడా అప్పటి 34,990 పెట్టె మూలంగా ఆగారు చూడండి. ఒకరి సామాను ఎక్కలేదని బస్సంతా ఆపినట్టు. ఇక సిరీస్ ఎస్ వాళ్లకి స్ప్లిట్ స్క్రీన్ ఎప్పుడొచ్చిందంటే, 2025 ఏప్రిల్‌లో, ప్యాచ్ 8 అనే అప్‌డేట్‌తో. ఆట మొదట వచ్చినప్పటి నుంచి లెక్కేస్తే ఇరవై నెలలు. ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలు సోఫాలో కూర్చుని కలిసి ఆడుకుందామని ఈ ఆట కోసమే ఎస్ కొన్నవాళ్లకి ఈ మధ్యలో పిల్లలు పుట్టి, వాళ్లకి పాకడం కూడా వచ్చి ఉంటుంది.

బ్లాక్ మిత్ వుకాంగ్‌ది కూడా ఇదే బాధ. కర్ర పట్టిన కోతి వీరుడు, చూడగానే మన ఆంజనేయుడే గుర్తొస్తాడు. అందుకేనేమో మనవాళ్లలో ఆడనివాళ్లు కూడా యూట్యూబ్‌లో చూశారు. 2024 ఆగస్టు 20న పీసీ, పీఎస్5లకి వచ్చింది. ఎక్స్‌బాక్స్‌కి సరిగ్గా ఏడాది తర్వాత, 2025 ఆగస్టు 20న. స్టూడియో అధిపతి ఫెంగ్ జీ ఆ 10 జీబీ మెమరీలో ఆటని సర్దడం ఎంత కష్టమో బాహాటంగానే చెప్పారు.

పాత తరం పెట్టెలది ఇంకో రకం. బెంగళూరులో పీఎస్4లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి, పీజీ ఖాళీ చేసి వెళ్లేవాళ్లు అమ్మేస్తుంటారు. చవకని ఆశపడేముందు ఒకటి గుర్తుంచుకోండి. సైబర్‌పంక్ 2077 పీఎస్4లో ఎంత ఘోరంగా నడిచిందంటే, 2020 డిసెంబర్‌లో విడుదలైన వారానికే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. 2021 జూన్‌లో తిరిగొచ్చింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన ఫాంటమ్ లిబర్టీ ఎక్స్‌పాన్షన్ అయితే పీఎస్4కి, ఎక్స్‌బాక్స్ వన్‌కి అసలు రానేలేదు. దాన్ని ఆలస్యం అనడానికి కూడా లేదు.

మనుషుల వల్ల వచ్చే ఆలస్యం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దీనిమీద నాకు కోపం రాదు. స్టార్‌డ్యూ వ్యాలీ 1.6 అప్‌డేట్ 2024 మార్చి 19న పీసీకి, నవంబర్ 4న కన్సోల్స్‌కీ ఫోన్లకీ వచ్చింది. ఏడున్నర నెలలు. కానీ ఆ ఆట మొదట ఒక్క మనిషి కూర్చుని చేసింది, అప్‌డేట్ ఉచితం. ఇంకేం తిడతాం?

ఇక్కడే ఇంకో సంగతి. కన్సోల్ మీదకి ఏ అప్‌డేట్ వెళ్లాలన్నా ఆ కంపెనీ పరీక్ష పాసవ్వాలి. పీసీ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో అయితే ఆట చేసినవాడు తానే నేరుగా ప్యాచ్ పెట్టేయొచ్చు. అందుకే బగ్ కనబడిన రాత్రే పీసీ వాడికి మందు అందుతుంది, కన్సోల్ వాడు కొన్ని రోజులు ఆగుతాడు. ఆఫీసులో రిలీజ్ ఎప్రూవల్స్ కోసం అర్ధరాత్రి కాల్స్‌లో కూర్చునే మనకి ఇది కొత్తగా చెప్పాలా?

సరే, ఇప్పుడు ఏది కొనాలి

పీఎస్5 సంగతి ముందు. ఈ తరంలో యంత్రం వల్ల వచ్చే జబ్బు దీనికి తక్కువ. కాగితం ఎక్కువసార్లు దీనివైపే ఉంటోంది. పైగా ఒకప్పుడు ఎక్స్‌బాక్స్‌కే పరిమితమైన ఆటలు కూడా ఇప్పుడు ఇటు వస్తున్నాయి. ఫోర్జా హొరైజన్ 5 ఎక్స్‌బాక్స్‌కి 2021 నవంబర్‌లో వస్తే పీఎస్5కి 2025 ఏప్రిల్‌లో వచ్చింది, మూడున్నరేళ్లు. ఇండియానా జోన్స్ ఆట 2024 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్‌కి, నాలుగు నెలలు. డూమ్ ద డార్క్ ఏజెస్ 2025 మేలో రెండింటికీ ఒకే రోజు. ఎదురుచూపు ఎలా కుదించుకుపోతోందో చూడండి. ఇటువైపు నుంచి గాడ్ ఆఫ్ వార్ ఎక్స్‌బాక్స్‌కి వెళ్లిందా అంటే, లేదు.

కానీ మన దేశంలో ఉన్నవాళ్లకి ఇంకో ఆలస్యం ఉంది. అది పెట్టెదే. ఎక్స్‌బాక్స్ సిరీస్ రెండూ 2020 నవంబర్ 10న మిగతా దేశాలతో పాటే మనకీ వచ్చాయి. పీఎస్5 మాత్రం 2021 ఫిబ్రవరి 2న గానీ రాలేదు. 2024 నవంబర్‌లో పీఎస్5 ప్రో విడుదలైనప్పుడు మన దేశం పేరే లేదు. అందులోని వైఫై 7 వాడుకునే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడం కారణం. అంటే ఆట ఆలస్యమని అమెరికావాడు ఏడుస్తుంటే, మనం పెట్టే రాలేదని ఏడ్చాం. మామూలు పీఎస్5 చాలు అనుకునేవాళ్లకి ఈ బాధ లేదు. నాకైతే చాలు.

సిరీస్ ఎస్ గురించి ఇప్పటికే చెప్పేశాను. చవక, చిన్నది, పీజీ అల్మరాలో బట్టల మధ్య పట్టేస్తుంది. గేమ్ పాస్ (నెలకింత కట్టి చాలా ఆటలు ఆడుకునే చందా) కట్టి, దొరికిన ఆట దొరికినట్టు ఆడుకుంటాను, ఫలానాదే కావాలని పట్టుబట్టను అనేవాళ్లకి ఇది మంచి బేరమే. అయితే 2025 అక్టోబర్‌లో గేమ్ పాస్ ధర బాగా పెంచారు కాబట్టి, ఏడాదికి ఎంత అవుతుందో కాగితం మీద వేసుకుని చూడండి, పెట్టె ధరలో మిగిలింది ఎన్ని నెలలకి హరించుకుపోతుందో తెలుస్తుంది. ఇంకోటి, 512 జీబీ మోడల్‌లో మనం వాడుకోగలిగేది 364 జీబీ. బాల్డర్స్ గేట్ లాంటి 150 జీబీ ఆటలు రెండు పెడితే ఇల్లు నిండిపోయింది. డిస్క్ పెట్టే చోటు లేదు కనుక ఆడేశాక అమ్ముకునే వీలూ లేదు.

సిరీస్ ఎక్స్ మంచి యంత్రం. దాని దురదృష్టం తమ్ముడితో వచ్చింది. పీసీ కూడా ఉన్నవాళ్లకి మాత్రం ఒక లాభం: ప్లే ఎనీవేర్ అనే గుర్తు ఉన్న ఆట ఒకసారి కొంటే ఎక్స్‌బాక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. అది నిజంగా నచ్చే విషయం.

చేత్తో పట్టుకుని కూడా ఆడుకునే నింటెండో స్విచ్, స్విచ్ 2 గురించి చాలామంది అడుగుతున్నారు. నింటెండో ఇక్కడ అధికారికంగా అమ్మదు. బయటి నుంచి తెప్పించినవే మెజెస్టిక్ వైపు కొట్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పాడైతే వారంటీ సంగతి మీ అదృష్టం. మారియో, జెల్డా కావాలంటే వేరే దారే లేదు, అవి ఇంకెక్కడికీ రావు. మిగతా కంపెనీల ఆటలు కావాలంటే మాత్రం ఓపిక ఉండాలి. విచర్ 3 అందరికీ 2015 మేలో వస్తే స్విచ్‌కి 2019 అక్టోబర్‌లో వచ్చింది. హాగ్వార్ట్స్ లెగసీ ఫిబ్రవరికి బదులు నవంబర్. స్విచ్ 2కి రావాల్సిన ఎల్డెన్ రింగ్ 2026కి జరిగింది. కానీ ఒక్కమాట. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి సొంతూరు పోయేవాళ్లలో నేను ఒకణ్ణి. హోసూరు దాటేలోపు ట్రాఫిక్‌లోనే గంటన్నర పోతుంది. ఆ గంటన్నరకి స్విచ్‌ని మించింది లేదు. విచర్ కూడా ఆలస్యంగా వస్తే వచ్చింది గానీ, రెండు ఎక్స్‌పాన్షన్లూ కలిపి ఒకే కార్ట్రిడ్జ్‌లో వచ్చింది.

పీసీ, అన్నిటికంటే తక్కువ ఎదురుచూపు, రెండు మినహాయింపులతో

నిజం చెప్పాలంటే ఎదురుచూపు ఒక్కటే కొలబద్ద అయితే గెలిచేది పీసీ. పైన చెప్పిన కథల్లో చూడండి, డాన్‌గార్డ్, బాల్డర్స్ గేట్, వుకాంగ్, స్టార్‌డ్యూ, అన్నిటిలోనూ పీసీ ముందు వరసలోనో రెండో వరసలోనో ఉంది. మైక్రోసాఫ్ట్ సొంత ఆటలు ఎక్స్‌బాక్స్‌తో పాటే అదే రోజు వస్తాయి. స్టీమ్‌లో 2015 నుంచీ రూపాయల్లోనే ధరలు. మోడ్స్ (ఆటగాళ్లే చేసి ఆటకి చేర్చే మార్పులు) ఉన్నాయి.

మినహాయింపుల్లో మొదటిది జీటీఏ ఆటలు చేసే రాక్‌స్టార్. జీటీఏ 5 2013 సెప్టెంబర్‌లో కన్సోల్స్‌కి వస్తే పీసీకి 2015 ఏప్రిల్. రెడ్ డెడ్ 2 అయితే 2018 అక్టోబర్, 2019 నవంబర్. ఇక జీటీఏ 6కి రెండు వాయిదాల తర్వాత ప్రకటించిన తేదీ 2026 నవంబర్ 19. ఆ ప్రకటనలో ఉన్నవి పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ రెండే. జీటీఏ 6 కోసమే కొనేవాడు పీసీ కొంటే, పెళ్లి అయిపోయాక శుభలేఖ అందుకున్నట్టే.

రెండోది సోనీ. గాడ్ ఆఫ్ వార్, అంటే 2018 ఏప్రిల్‌లో వచ్చినది, పీసీకి రావడానికి 2022 జనవరి దాకా పట్టింది. దాని తర్వాతి భాగం రాగ్నరాక్‌కి 2022 నవంబర్ నుంచి 2024 సెప్టెంబర్. స్పైడర్‌మ్యాన్ 2కి 2023 అక్టోబర్ నుంచి 2025 జనవరి. తగ్గుతోంది గానీ, ఈ మూడింటిలో ఏదీ ఏడాదికి తగ్గలేదు.

బెంగళూరులో పీసీ కట్టించుకోవాలంటే ఎస్పీ రోడ్ ఉండనే ఉంది. ఆదివారం వెళ్లొద్దు, చాలా కొట్లు మూసుంటాయి. శనివారం పొద్దున్నే వెళ్లి, మూడు కొట్లలో కొటేషన్ రాయించుకుని, నాలుగోదాంట్లో కొనాలి. తెలుగు మాట్లాడే కొట్టు కుర్రాళ్లు బోలెడంతమంది, బేరం మాతృభాషలోనే ఆడొచ్చు. కాకపోతే 2025 చివర్లో ర్యామ్ ధరలు చుక్కలు తాకాయి, ఏఐ సర్వర్లకే అంతా పోతోందని. కాబట్టి పాత లెక్కలు పట్టుకుని వెళ్లకండి. ముగ్గురుండే పీజీ గదిలో డెస్క్‌టాప్ పెట్టడం కూడా అంత సుళువు కాదు. కరెంటు పోతే యూపీఎస్ లేకుండా నడుమ ఆగిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్టీమ్ పెడదామనే ఐడియా ఉంటే వదిలేయండి, ఐటీ టీమ్ నుంచి మెయిల్ వచ్చేదాకా తెచ్చుకోవద్దు.

ఎవరూ చెప్పని ఐదో దారి

అసలు ఇప్పుడు కొనకపోవడం. నవ్వకండి. బాల్డర్స్ గేట్ 3ని 2023లో కొన్నవాడి కంటే 2025 ఏప్రిల్ తర్వాత కొన్నవాడికి మంచి ఆట దొరికింది. పన్నెండు కొత్త సబ్‌క్లాసులు (పాత్రల్లో రకాలు), లెక్కలేనన్ని బగ్‌ల మరమ్మతు, అన్నీ ఉచితంగా. సైబర్‌పంక్ 2020 డిసెంబర్‌లో కొన్నవాళ్ల బాధ మనకి తెలుసు. 2023 డిసెంబర్‌లో అల్టిమేట్ ఎడిషన్ కొన్నవాళ్లు ఎక్స్‌పాన్షన్‌తో సహా శుభ్రంగా ఆడుకున్నారు. ఒంటరిగా కథ ఆడేవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే పద్ధతి. నేనిప్పుడు చేసేది ఇదే.

స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లకి మాత్రం ఇది కుదరదు. ఏడాది తర్వాత నువ్వొచ్చేసరికి వాళ్లు ఇంకో ఆటకి పోయుంటారు. కాబట్టి మీ గుంపులో ఎక్కువమంది ఏ పెట్టె మీద ఉన్నారో అదే కొనండి. పైన రాసిన లెక్కలన్నీ ఆ తర్వాతే.

కొనేముందు రెండు మూడు సంగతులు

పెట్టె మారితే అన్నీ వెంట రావు. బాల్డర్స్ గేట్, సైబర్‌పంక్ లాంటి ఆటల్లో సేవ్ ఫైలు పీసీ నుంచి కన్సోల్‌కి తెచ్చుకోవచ్చు. కానీ కొన్న ఎక్స్‌పాన్షన్ రాదు, మళ్లీ కొనాలి. "ముందు ఏదో ఒకటి కొందాం, తర్వాత మారుదాం" అనుకునేవాళ్లు ఈ ఖర్చు కూడా వేసుకోండి.

మీ పెట్టెకి తేదీ ప్రకటించేదాకా ప్రీఆర్డర్ పెట్టొద్దు. "అన్ని ప్లాట్‌ఫామ్‌లకీ వస్తుంది" అన్న మాటలో "ఒకే రోజు" అన్న మాట లేదు. సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలకి ముందే కట్టే డబ్బు) కూడా అంతే, లోపల ఏముందో తెలియకుండా కట్టే చిట్టీ. ఒకవేళ కొని నాలిక్కరుచుకుంటే, స్టీమ్‌లో పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకి తక్కువ ఆడుంటే డబ్బులు వెనక్కిస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో పద్నాలుగు రోజులే గానీ, డౌన్‌లోడ్ మొదలుపెట్టి ఉండకూడదు. ఆటో డౌన్‌లోడ్ ఆపేసి ఉంచుకోండి.

పీజీ వైఫై సంగతి కూడా చూడండి. 150 జీబీ ఆట 100 ఎంబీపీఎస్‌లో మూడు గంటల ఇరవై నిమిషాల్లో దిగుతుంది. పదిమంది పంచుకునే లైన్‌లో మీ వాటాకి 20 వచ్చిందంటే పదహారు గంటలపైనే. కంపెనీ ఆలస్యం చేయకపోయినా పీజీ ఓనర్ చేస్తాడు.

ఇక నేను స్వయంగా దెబ్బతిన్న విషయం. ప్లేస్టేషన్‌లో డిస్క్ ఏ రీజియన్‌దో డీఎల్‌సీ కూడా ఆ రీజియన్‌దే అయ్యుండాలి. ఆట ఏ దేశం డిస్క్ అయినా నడుస్తుంది, చిక్కంతా డీఎల్‌సీ దగ్గరే. ఒకసారి ఒక కొట్లో మూడొందలు తక్కువకి వస్తోందని, అట్ట తిరగేసి చూడకుండా అమెరికా డిస్క్ తెచ్చుకున్నాను. ఆట అద్భుతంగా నడిచింది. ఎక్స్‌పాన్షన్ మన స్టోర్‌లో కొన్నాక ఎంత వెతికినా ఆటలో కనబడలేదు. కంపెనీ ఆలస్యం చేసిందని రెండు రోజులు తిట్టుకున్నాను. తప్పు నా కక్కుర్తిది. అమెరికా డిస్క్ అట్ట మీద ఈఎస్ఆర్‌బీ రేటింగ్ గుర్తు ఉంటుంది, యూరప్ దాని మీద పెగీ గుర్తు. ఇక్కడ అధికారికంగా అమ్మే డిస్క్‌ని బిల్లుతో తీసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో అయితే అమ్మేవాణ్ణి అట్ట రెండు వైపులా ఫోటో పంపమనండి.

మావాడికి ఏం చెప్పానంటే

వాడి జాబితా: జీటీఏ 6, హాస్టల్ స్నేహితులతో కాల్ ఆఫ్ డ్యూటీ, వుకాంగ్. స్నేహితులు నలుగురిలో ముగ్గురు పీఎస్5. ఇందులో ఆలోచించడానికేముంది? డిస్క్ పెట్టే పీఎస్5 కొనమన్నాను. కథల ఆటలు డిస్క్‌లో కొని, అయిపోయాక అమ్మేస్తే ఇంకో ఆటకి సగం డబ్బులు వస్తాయి. వాడి గదిలోనే ఉండే అనంతపురం అబ్బాయి స్టార్‌డ్యూ, మోడ్స్, స్ట్రాటజీ ఆటలు అంటాడట. అతన్ని ఎస్పీ రోడ్‌కి పంపించమన్నాను, శనివారం.

"మరి సిరీస్ ఎస్ ధర తక్కువ కదా బావా" అని ఇంకోసారి లాగాడు. "తక్కువే. వుకాంగ్‌కి ఏడాది ఆగగలిగేవాడివా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

నిన్న సాయంత్రం ఏదో కొట్లోంచి వీడియో కాల్ చేశాడు. చేతిలో పెట్టె, దాని మీద ఒక డిస్క్. హలో కూడా అనకుండా డిస్క్ అట్ట తిప్పి కెమెరాకి ఆనించాడు. "బావా, మూలన ఏం రాసుందో చదువు. నాకిక్కడ లైటు సరిగా లేదు."